పికప్ వాహనాలలో ఇంజన్ ఎంపిక, ఇంధన పొదుపు: మైలేజీ అంకె వెనుక ఉన్న లెక్క

ప్రత్యేక వ్యాసం

పొలం నుంచి మార్కెట్ యార్డుకు కూరగాయలు, చెరువు గట్టు నుంచి ఐసు ఫ్యాక్టరీకి చేపలు, గోదాము నుంచి పల్లె దుకాణానికి సరుకులు చేరవేయడంలో పికప్ వాహనాలది కీలక పాత్ర. పెద్ద లారీ వెళ్లలేని దారుల్లో, ట్రాలీ ఆటో మోయలేని బరువును మోసే ఈ తరగతి వాహనాలపై ఆధారపడి ఎన్నో కుటుంబాలు జీవనోపాధి పొందుతున్నాయి. పలు ప్రభుత్వ శాఖలు కూడా తమ అవసరాలకు ఇటువంటి వాహనాలను కొనుగోలు చేయడమో, అద్దెకు తీసుకోవడమో జరుగుతోంది. వాహనం రోడ్డెక్కిన తరువాత రోజువారీ ఖర్చులలో ప్రధానమైనది ఇంధనం. అందువల్ల ఏ ఇంజన్ గల వాహనాన్ని ఎంచుకోవాలన్న నిర్ణయం కొన్న రోజుతో ముగిసేది కాదు. వాహనం నడిచినంత కాలం యజమాని ఆదాయంపైన, ప్రభుత్వ వాహనమైతే ఖజానాపైన, దాని ప్రభావం కొనసాగుతుంది.

అయితే ఈ నిర్ణయం తరచుగా ఒకే ఒక్క అంకెను చూసి జరుగుతోంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నదే ఆ అంకె. అది అసత్యం కాకపోయినా అసంపూర్ణం. ఎంత బరువుతో, ఎంత వేగంతో, ఎటువంటి దారిలో ఆ మైలేజీ వచ్చిందో తెలియనిదే దానికి అర్థం లేదు. ఇంజన్‌ను దాని పరిమాణాన్ని బట్టి గాక, అది చేయవలసిన పనిని బట్టి ఎంచుకున్నప్పుడే ఇంధన పొదుపు సాధ్యమవుతుంది.

ఒకే పేరు, భిన్నమైన ఇంజన్లు

పికప్ అన్న పేరుతో వ్యవహరించే వాహనాల మధ్య ఎంతో అంతరం ఉంది. 2005లో విడుదలైన టాటా ఏస్ చిన్న ట్రక్కు 702 సీసీ సామర్థ్యం గల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో, 16 అశ్వశక్తితో వచ్చింది. మన ప్రాంతంలో సరుకు రవాణా స్వరూపాన్ని మార్చిన వాహనాలలో ఇది ఒకటి. దీనికి పై మెట్టులో టన్ను నుంచి రెండు టన్నుల వరకు మోసే పికప్‌లు ఉన్నాయి. మహీంద్రా బొలెరో పికప్ వంటివి రెండున్నర లీటర్ల తరగతి డీజిల్ ఇంజన్లతో ప్రాచుర్యం పొందాయి. ఆ పైన, ప్రపంచ విపణిలో మధ్యతరహా పికప్‌లుగా పిలిచే వాహనాలు వస్తాయి. 2022లో మన దేశంలో విడుదలైన టయోటా హైలక్స్, 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్‌తో 204 అశ్వశక్తిని ఇస్తుంది.

ఈ మధ్యతరహా పికప్‌లలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌లోనే తయారవుతోంది. ప్రస్తుత తిరుపతి జిల్లా పరిధిలోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అక్కడ తయారయ్యే డీ-మ్యాక్స్ శ్రేణి వాహనాలను పరిశీలిస్తే, ఇంజన్ పరిమాణానికి, దాని శక్తికి మధ్య ఉన్న సంబంధం స్పష్టమవుతుంది.

సీసీ ఒక్కటే కొలమానం కాదు

డీ-మ్యాక్స్ శ్రేణిలోని వీ-క్రాస్ వాహనం మొదట 2,499 సీసీ డీజిల్ ఇంజన్‌తో 134 అశ్వశక్తిని, 320 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇచ్చేది. టార్క్ అంటే ఇంజన్ ఇరుసును తిప్పే బలం. భారత్ స్టేజ్-6 ప్రమాణాలకు అనుగుణంగా 2021లో వచ్చిన వీ-క్రాస్‌లో ఇంజన్ పరిమాణం 1,898 సీసీకి తగ్గింది. అంటే సుమారు 24 శాతం తగ్గుదల. శక్తి మాత్రం 163 అశ్వశక్తికి, టార్క్ 360 న్యూటన్ మీటర్లకు పెరిగాయి. ఇదే శ్రేణిలో సరుకు రవాణాకు ఉద్దేశించిన ఎస్-క్యాబ్ వాహనంలో 2,499 సీసీ ఇంజన్ 78 అశ్వశక్తిని, 176 న్యూటన్ మీటర్ల టార్క్‌ను మాత్రమే ఇస్తుంది. పెద్ద ఇంజన్‌కు తక్కువ శక్తి, చిన్న ఇంజన్‌కు ఎక్కువ శక్తి ఉండటం మొదటి చూపులో వింతగా కనిపించవచ్చు.

దీనికి కారణం ఇంజన్‌లోకి వెళ్లే గాలి పరిమాణం. ఇంధనం మండడానికి గాలి కావాలి. టర్బోచార్జర్ పొగగొట్టం గుండా వృథాగా పోయే వాయువుల వేగంతో తిరుగుతూ, సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో పంపుతుంది. గాలి ఎంత ఎక్కువగా వెళితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. కాబట్టి చిన్న ఇంజనే అవసరమైనప్పుడు పెద్ద ఇంజన్‌లా పనిచేయగలదు. తేలికపాటి పనిలో మాత్రం చిన్న ఇంజన్‌కుండే లాభం నిలుస్తుంది. రాపిడి వల్ల జరిగే నష్టం, కదిలే భాగాల బరువు తక్కువగా ఉంటాయి.

ఈ లాభానికి ఒక పరిమితి ఉన్నదని గుర్తించాలి. టర్బో సహాయంతో చిన్న ఇంజన్ పూర్తి శక్తిని ఇస్తున్నప్పుడు అది పెద్ద ఇంజన్ మండించేంత ఇంధనాన్ని మండిస్తుంది. రోజంతా నిండు బరువుతో, ఎక్కుడు దారుల్లో నడిచే వాహనంలో చిన్న ఇంజన్ వల్ల ఆశించిన పొదుపు కనిపించకపోవడానికి ఇదే కారణం.

చిన్న ఇంజన్ ఎల్లప్పుడూ పొదుపు కాదు

ఈ విషయాన్ని నిరూపించే అధికారిక గణాంకాలు అమెరికాలో లభిస్తున్నాయి. మధ్యతరహా పికప్‌ల వాడకం విస్తృతంగా ఉన్న ఆ దేశంలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రతి మోడల్‌కూ ఇంజన్‌ల వారీగా మైలేజీ అంకెలను ప్రకటిస్తుంది. 2016 మోడల్ టయోటా టకోమా పికప్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. వెనుక చక్రాల చోదనం, ఆటోమేటిక్ గేర్లు గల ఈ వాహనం రెండు పెట్రోలు ఇంజన్లతో లభించింది. ఒకటి నాలుగు సిలిండర్లు, 2.7 లీటర్లు, 159 అశ్వశక్తి గలది. రెండవది ఆరు సిలిండర్లు, 3.5 లీటర్లు, 278 అశ్వశక్తి గలది. నగరం, రహదారి కలిపి రెండింటికీ ప్రకటించిన సగటు ఒక్కటే. గ్యాలనుకు 21 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 8.9 కిలోమీటర్లు. రహదారిపై అయితే పెద్ద ఇంజనే ఒక మైలు ఎక్కువ ఇచ్చింది.

వాహనం బరువు, ఎత్తు, ముఖభాగం వైశాల్యం రెండింటిలోనూ దాదాపు సమానమే. ఆ భారాన్ని లాగడానికి కావలసిన శక్తి కూడా సమానమే. తక్కువ శక్తి గల ఇంజన్ అదే పనికి ఎక్కువ శ్రమ పడవలసి వస్తుంది. పెద్ద ఇంజన్ కొత్త తరం సాంకేతికతతో రూపొందినది కావడం కూడా ఇందుకు తోడైంది. ఇంజన్‌ను చిన్నది చేసినంత మాత్రాన పొదుపు రాదని, వాహనం బరువుకు, ఇంజన్‌కు పొత్తు కుదరాలని ఈ ఉదాహరణ తెలియజేస్తోంది.

అదే ఏడాది షెవ్రోలె కొలరాడో పికప్‌లో 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్ కూడా లభించింది. రెండు చక్రాల చోదనంతో దాని సగటు గ్యాలనుకు 25 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 10.6 కిలోమీటర్లు. నాలుగు చక్రాల చోదనం గల అదే వాహనం సగటు 23 మైళ్లకు, అంటే 9.8 కిలోమీటర్లకు తగ్గింది. అదనపు ఇరుసులు, గేర్ల బరువు, వాటి రాపిడి ఇందుకు కారణాలు. బురద దారులు, కొండ దారులు లేని చోట నాలుగు చక్రాల చోదనానికి చెల్లించే మూల్యం కొనుగోలు ధరతో ఆగిపోదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆ తరువాతి పరిణామాలూ గమనించదగినవి. కొలరాడోలో డీజిల్ ఇంజన్ 2022 మోడల్‌తో నిలిచిపోయి, 2023 నుంచి 2.7 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ ఒక్కటే మిగిలింది. టకోమా 2024 మోడల్ నుంచి ఆరు సిలిండర్ల ఇంజన్ స్థానంలో 2.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్‌ను, దానితోపాటు హైబ్రిడ్ రకాన్ని ప్రవేశపెట్టింది. పొదుపులో డీజిల్ ముందున్నప్పటికీ, అమెరికాలో డీజిల్ ధర సాధారణంగా పెట్రోలు ధరకంటే ఎక్కువగా ఉండటం, కాలుష్య నియంత్రణ పరికరాల వ్యయం పెరగడం దానికి ప్రతికూలంగా పరిణమించాయి. ఇంజన్ ఎంపికను సాంకేతిక అంశాలతోపాటు ధరలూ నిర్ణయిస్తాయి.

డీజిల్ ఎందుకు ఎక్కువ దూరం నడుపుతుంది

డీజిల్ వాహనం మైలేజీ ఎక్కువగా ఉండటానికి మూడు కారణాలున్నాయి. మొదటిది ఇంధనంలోనే ఉన్న శక్తి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్లు ఉంటుంది. అంటే ఇంజన్లు రెండూ సమాన సామర్థ్యం గలవైనా డీజిల్ వాహనం లీటరుకు పది శాతానికి పైగా ఎక్కువ దూరం వెళ్లాలి.

రెండవది ఒత్తిడి. డీజిల్ ఇంజన్‌లో గాలిని పెట్రోలు ఇంజన్‌లో కంటే మరింత గట్టిగా నొక్కుతారు. ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. నొక్కుడు ఎక్కువైన కొద్దీ వేడి నుంచి లభించే చలనశక్తి వాటా పెరుగుతుంది. మూడవది గాలి ప్రవేశం. పెట్రోలు ఇంజన్‌లో వేగాన్ని తగ్గించడానికి గాలి దారిని కవాటంతో మూస్తారు. సగం మూసిన కవాటం గుండా గాలిని పీల్చుకోవడానికే ఇంజన్ కొంత శక్తిని వెచ్చిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో సాధారణంగా గాలిని యథేచ్ఛగా రానిచ్చి, ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తారు. అందువల్ల తక్కువ భారంతో నడిచేటప్పుడు డీజిల్‌కు ఆధిక్యం మరింత పెరుగుతుంది.

దీనితోపాటు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే డీజిల్ ఎక్కువ టార్క్‌ను ఇస్తుంది. నిండు బరువుతో కదిలించేటప్పుడు, ఎక్కుడులో గేరు మార్చకుండా సాగేటప్పుడు ఈ గుణం ఉపయోగపడుతుంది. సరుకు వాహనాలలో డీజిల్ దశాబ్దాలుగా నిలదొక్కుకోవడానికి ఇదే మూలం.

పొదుపు లెక్కలో దూరానిదే ప్రధాన పాత్ర

అయితే మైలేజీ ఎక్కువైనంత మాత్రాన డీజిల్ వాహనం అందరికీ లాభసాటి అని చెప్పలేము. మన దేశంలో 2010 జూన్‌లో పెట్రోలు ధరపైన, 2014 అక్టోబరులో డీజిల్ ధరపైన ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయింది. ఆ తరువాత రెండింటి ధరల మధ్య అంతరం పూర్వమున్నంతగా లేదు. డీజిల్ వాహనం కొనుగోలు ధర మాత్రం ఎక్కువగానే ఉంటుంది. ఆ అదనపు ధర ఎన్ని కిలోమీటర్లలో తిరిగి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

సులభంగా అర్థమయ్యేందుకు ఒక నమూనా లెక్కను పరిశీలించవచ్చు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. పెట్రోలు పికప్ లీటరుకు 11 కిలోమీటర్లు, డీజిల్ పికప్ 14 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకు ఇంధన వ్యయం వరుసగా 10 రూపాయలు, 7 రూపాయలు అవుతుంది. డీజిల్ వాహనం ధర లక్ష రూపాయలు ఎక్కువైతే, ఆ మొత్తం తిరిగి రావడానికి సుమారు 33,300 కిలోమీటర్లు నడవాలి. నెలకు 25 రోజులు, రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే వాహనం ఏడాదికి 30,000 కిలోమీటర్లు నడుస్తుంది. దాని యజమానికి 13 నెలలు దాటగానే అదనపు ధర తిరిగి వస్తుంది. రోజుకు 20 కిలోమీటర్లు మాత్రమే తిరిగే వాహనానికి అదే మొత్తం రావడానికి ఐదున్నర సంవత్సరాలు పడుతుంది. అప్పు తీసుకుని కొన్న వాహనమైతే వడ్డీ కూడా దీనికి తోడవుతుంది. స్థానిక ధరలను వేసుకుని ఇదే పద్ధతిలో ఎవరైనా లెక్క చూసుకోవచ్చు.

తక్కువ దూరం తిరిగే డీజిల్ వాహనాలు

భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చాయి. భారత్ స్టేజ్-4లో 50 పీపీఎం వరకు అనుమతించిన గంధకాన్ని కొత్త ఇంధనంలో 10 పీపీఎంకు పరిమితం చేశారు. డీజిల్ వాహనాలకు పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత పరికరం అమర్చడం అవసరమైంది. ప్రజారోగ్య దృష్ట్యా ఇది మేలైన మార్పు. కాని వాహనం ఎంపికపై దీని ప్రభావాన్ని కొనుగోలుదారులు తెలుసుకోవలసి ఉంది.

వడపోతలో చేరిన మసిని ఎప్పటికప్పుడు అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చివేయాలి. రహదారిపై నిలకడగా నడిచే వాహనంలో ఈ ప్రక్రియ డ్రైవరుకు తెలియకుండానే జరిగిపోతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిచి ఆగిపోయే వాహనంలో ఇంజన్ తగినంత వేడెక్కదు. మసిని కాల్చడానికి అదనపు ఇంధనం ఖర్చవుతుంది. ప్రక్రియ పదేపదే మధ్యలో ఆగితే వడపోత మూసుకుపోయి మరమ్మతు వ్యయం మీద పడుతుంది. వీధి వీధికీ ఆగుతూ సాగే పనులకు పెట్రోలు, సీఎన్జీ లేదా విద్యుత్ వాహనాలు అనువుగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇంటింటికీ రేషన్ సరుకులు అందించేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో 9,260 చిన్న ట్రక్కులను ప్రవేశపెట్టారు. 2025 జూన్ నుంచి ఆ విధానం స్థానంలో చౌకధరల దుకాణాల ద్వారా పంపిణీ తిరిగి మొదలైంది. ఇటువంటి పంపిణీ పనిలో వాహనం నడిచే దూరం కంటే ఆగే సమయమే ఎక్కువ. అక్కడ రహదారి మైలేజీ అంకె ఆధారంగా ఇంజన్‌ను బేరీజు వేయడం సరికాదు.

సీఎన్జీ, ఇథనాల్ విషయంలో జాగ్రత్తలు

హైదరాబాద్, విజయవాడ, కాకినాడ నగరాలలో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ సీఎన్జీని సరఫరా చేస్తోంది. పెట్రోలు, సీఎన్జీ రెండింటితోనూ నడిచే టాటా ఇంట్రా వీ-20 పికప్ 2022లో విడుదలైంది. సీఎన్జీ మైలేజీని పోల్చేటప్పుడు ఒక పొరపాటు తరచుగా దొర్లుతోంది. సీఎన్జీని కిలోలలో, పెట్రోలు, డీజిళ్లను లీటర్లలో కొలుస్తారు. ఒక కిలో సీఎన్జీలోని శక్తి ఇంచుమించు ఒకటిన్నర లీటరు పెట్రోలుతో సమానం. అందువల్ల కిలోకు వచ్చే కిలోమీటర్లను లీటరుకు వచ్చే కిలోమీటర్లతో నేరుగా పోల్చకూడదు. కిలోమీటరుకు ఎన్ని రూపాయలన్నదే సరైన పోలిక. గ్యాసును అధిక ఒత్తిడితో నిల్వచేసే సిలిండర్లు బరువైనవి కావడంతో, మోయగల సరుకు ఆ మేరకు తగ్గుతుందన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం కింద 2022లో 10 శాతం, 2025లో 20 శాతం లక్ష్యాలను దేశం చేరుకుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. అందువల్ల 20 శాతం మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం మేరకు తగ్గుతుంది. ఇథనాల్‌కు అనుగుణంగా సరిచేసిన ఇంజన్లు ఈ లోటును కొంతవరకు పూడ్చుకోగలవు. పాత పెట్రోలు వాహనాల మైలేజీ అంకెలను నేటి అంకెలతో పోల్చేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

మూడు దారులు, మూడు అవసరాలు

ఇంజన్‌కు, పనికి మధ్య ఉన్న సంబంధాన్ని మూడు రకాల మార్గాల ద్వారా వివరించవచ్చు.

మొదటిది చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి వంటి సమతల మార్గం. ఇక్కడ ప్రధాన శత్రువు గాలి. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 60 నుంచి 80 కిలోమీటర్లకు వేగం పెంచితే గాలి నిరోధం 78 శాతం, 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచితే మరో 56 శాతం పెరుగుతుంది. సరుకు పైకి పేర్చడానికి ఎత్తైన ఇనుప చట్రం బిగించి, దానిపై టార్పాలిన్ కప్పిన పికప్‌కు ఈ నష్టం మరీ అధికం. ఈ మార్గంలో రోజూ దూర ప్రయాణం చేసే వాహనానికి మధ్యస్థమైన డీజిల్ ఇంజన్, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పే పై గేరు, అదుపులో ఉన్న వేగం మేలు చేస్తాయి.

రెండవది అరకు, పాడేరు ప్రాంతాల ఘాట్ రోడ్ల వంటి ఎక్కుడు మార్గం. సరుకుతో కలిపి 3 టన్నుల బరువు గల వాహనం సమతల తారు రోడ్డుపై దొర్లడానికి సుమారు 30 నుంచి 45 కిలోల బలం చాలుతుంది. ప్రతి 100 మీటర్లకు 5 మీటర్ల చొప్పున లేచే దారిలో మరో 150 కిలోల బలం అదనంగా కావాలి. అంటే అవసరం నాలుగైదు రెట్లకు పైగా పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ దారిని ఎక్కడానికి చక్రాల వద్ద కావలసినది 20 అశ్వశక్తికి కొంచెం పైన మాత్రమే. కనుక ఇక్కడ కావలసినది భారీ అశ్వశక్తి కాదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లభించే టార్క్, దానికి తగిన కింది గేర్లు ముఖ్యం. ఆ టార్క్ లేని ఇంజన్‌ను డ్రైవరు కింది గేరులోనే గట్టిగా తిప్పవలసి వస్తుంది. ఇంధనం వృథా కావడం అక్కడే మొదలవుతుంది.

మూడవది పట్టణంలో ఆగుతూ సాగే పంపిణీ మార్గం. ఆగిన ప్రతిసారీ వాహనం చలనశక్తి బ్రేకుల వేడిగా పోతుంది. కదిలిన ప్రతిసారీ దానిని ఇంధనంతో మళ్లీ సంపాదించాలి. ఇక్కడ వాహనం సొంత బరువు తక్కువగా ఉండటం, నిలిచినప్పుడు ఇంజన్ ఆపివేయడం అన్నిటికంటే ముఖ్యం. బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపే విద్యుత్, హైబ్రిడ్ వాహనాలు ఈ పనిలోనే ఎక్కువ ప్రయోజనం చూపుతాయి.

మైలేజీని కొలవవలసిన తీరు

కంపెనీలు ప్రకటించే మైలేజీ అంకెలు ప్రయోగశాలలో, రోలర్లపై, నిర్ణీత వేగాల క్రమంలో చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. ఒక వాహనాన్ని మరొక వాహనంతో పోల్చడానికి అవి ఉపయోగపడతాయి. రోడ్డుపై అదే అంకె వస్తుందన్న హామీగా వాటిని భావించకూడదు. అమెరికాలో సైతం 2008 మోడల్ సంవత్సరం నుంచి అధిక వేగం, ఏసీ వాడకం, చలి వాతావరణం వంటి పరీక్షలను అదనంగా చేర్చడంతో ప్రకటిత అంకెలు అంతకు ముందుకంటే తగ్గి, వాస్తవానికి దగ్గరయ్యాయి.

లీటరుకు కిలోమీటర్లు అన్న కొలత మరొక విధంగానూ పొరపాటు పడేలా చేస్తుంది. మైలేజీ 8 నుంచి 10కి పెరిగితే ప్రతి 100 కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు మిగులుతుంది. 14 నుంచి 16కు పెరిగితే మిగిలేది లీటరు లోపే. పెరిగినది రెండు చోట్లా రెండు కిలోమీటర్లే అయినా, ఫలితంలో ఇంచుమించు మూడు రెట్ల తేడా ఉంది. ఒక శాఖలోని వాహనాలలో కొన్నింటిని మాత్రమే మార్చే వీలున్నప్పుడు, అన్నిటికంటే తక్కువ మైలేజీ ఇచ్చే వాహనాలను ముందుగా మార్చడం వల్లనే ఎక్కువ ఇంధనం ఆదా అవుతుంది.

సరుకు వాహనానికి ఇంకా సరైన కొలత, లీటరు ఇంధనంతో ఎన్ని టన్నుల సరుకు ఎన్ని కిలోమీటర్లు చేరిందన్నది. ముప్పావు టన్ను మోస్తూ లీటరుకు 18 కిలోమీటర్లు నడిచే చిన్న ట్రక్కు లీటరుకు 13.5 టన్ను-కిలోమీటర్ల పని చేస్తుంది. ఒకటిన్నర టన్నులు మోస్తూ 12 కిలోమీటర్లే నడిచే పికప్ 18 టన్ను-కిలోమీటర్ల పని చేస్తుంది. మైలేజీ తక్కువైనా పని ఎక్కువ. అదే పికప్ అర టన్ను సరుకుతో తిరుగుతూ 14 కిలోమీటర్లు ఇస్తే ఆ పని 7 టన్ను-కిలోమీటర్లకు పడిపోతుంది. అర టన్నుతో 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న ట్రక్కు 10 టన్ను-కిలోమీటర్లు సాధిస్తుంది. నిండుగా సరుకు దొరికే మార్గంలో పెద్ద వాహనం, అరకొరగా దొరికే మార్గంలో చిన్న వాహనం పొదుపైనవన్నది దీని సారాంశం.

ఈ లెక్కను సాకుగా చేసుకుని అనుమతించిన పరిమితికి మించి బరువు వేయడం మాత్రం తగదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా కంటే మించినది బ్రేకులు, టైర్లు తట్టుకోలేక జరిగే ప్రాణనష్టం.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

పికప్ వాహనాల కొనుగోలుకు లేదా అద్దెకు ప్రతిపాదనలు రూపొందించే అధికారులు ఇంజన్ సీసీని, అశ్వశక్తిని నిర్దేశించడానికి ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాబట్టడం మంచిది. వాహనం రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? సగటున ఎంత సరుకు మోస్తుంది? ఎన్నిసార్లు ఆగుతుంది? దారిలో ఎక్కుడు ఎంత? ఈ వివరాలు లాగ్ పుస్తకాలలో ఉంటాయి. నిండు లోడుతో, నిజమైన మార్గంలో, ట్యాంకు నిండుగా పట్టించి మళ్లీ నిండే వరకు కొలిచిన ఇంధన వినియోగాన్ని ప్రకటిత మైలేజీతో పోల్చి చూడాలి. కొనుగోలు ధర తక్కువైన వాహనాన్ని గాక, ఐదారేళ్ల ఇంధన, నిర్వహణ వ్యయాలు కలిపితే తక్కువయ్యే వాహనాన్ని ఎంచుకోవాలి.

మైలేజీ అంకెలను ప్రచురించే పాత్రికేయులు ఆ అంకె ఏ ఇంజన్‌కు, ఎన్ని చక్రాల చోదనానికి, ఏ బరువుకు వర్తిస్తుందో, ప్రయోగశాలదో రోడ్డుదో స్పష్టం చేస్తే పాఠకులకు మేలు చేసినవారవుతారు. విదేశీ అంకెలను ఉటంకించేటప్పుడు అమెరికా గ్యాలను 3.785 లీటర్లకు, బ్రిటన్ గ్యాలను 4.546 లీటర్లకు సమానమన్న తేడాను గుర్తుంచుకోవాలి.

వాహనం ఇప్పటికే చేతిలో ఉన్నవారికీ పొదుపునకు అవకాశాలున్నాయి. టైర్లలో గాలిని వారానికోసారి సరిచూడటం, గాలి ఫిల్టరును శుభ్రంగా ఉంచడం, సరుకు లేనప్పుడు ఎత్తైన చట్రాన్ని, టార్పాలిన్‌ను దించివేయడం, సరుకు దించేటప్పుడు ఇంజన్‌ను ఆపివేయడం, రహదారిపై వేగాన్ని అదుపులో ఉంచడం ఖర్చులేని మార్గాలు. ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరిగే డీజిల్ పికప్ మైలేజీ 10 నుంచి 12కు మెరుగుపడితే 500 లీటర్ల ఇంధనం ఆదా అవుతుంది. లీటరు డీజిల్ మండినప్పుడు సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాబట్టి ఆ ఒక్క వాహనం వల్లనే ఏటా టన్నుకు పైగా వాయువు గాలిలో కలవకుండా నివారించవచ్చు. లీటరు 98 రూపాయల చొప్పున చూస్తే ఆ పొదుపు విలువ 49,000 రూపాయలు. ఒకే బండిపై ఆధారపడి బతికే కుటుంబానికి అది ఎన్నో నెలవారీ కిస్తీలకు సరిపోయే మొత్తం.